కింథపు వాఙ్మూలము

టిబెట్టుదేశమునఁ దూర్పుదిక్కునకుఁ బాఱు సాంగుపో నదియు, అస్సాముదేశమున బ్రహ్మపుత్ర యనఁ బరఁగు నదియు నొక్కటియే యని నేఁటి పాఠశాలాబాలురు సైత మెఱుఁగుదురు. 1880 నాఁటి కిది విద్వాంసులలోనే వివాదాంశముగా నుండెను. సాంగుపో గ్యాలా యను గ్రామముకడ సముద్రమట్టమునకు దాదాపు 9,000 అడుగుల యెత్తునఁ బ్రవహించి, నామ్చా బర్వా, గ్యాలా పెరి యను రెండు మహాశిఖరముల నడిమి యిఱుకులోయలోఁ బ్రవేశించును. ఆ శిఖరములలో మొదటిది 25,000 అడుగులకు మించినది. అటుపిమ్మట నా నది గతి యెవ్వరికిని దెలియదు. కొండల కీవల దిహాంగు అను పేర నొక నది యస్సాము మైదానమునకు దిగుచున్నది. అచట దాని యెత్తు సుమారు 500 అడుగులు మాత్రమే. సాంగుపోయే దిహాంగమైనదా, లేక యది తూర్పుగాఁ బోయి బర్మాదేశపు టైరావతిలోఁ గలియుచున్నదా యని భూగోళశాస్త్రజ్ఞులు పత్రికలలో వాదించుచుండిరి. ఒక్కటియే యైనచో, అంత యెత్తునుండి యంత తక్కువ దూరములో దిగు నది యెక్కడనో మహాజలపాతమై దూఁకవలయు నని కొందఱ యూహ.

పోయి చూచుట కవకాశము లేదు. టిబెట్టు ప్రభుత్వము ఐరోపీయులను దేశములోనికి రానీయకుండెను. దిగువకొండలలోని యబోరులు, అనఁగా నేఁడు ఆదిజనులని పిలువఁబడువారు, పరులను దమ సీమ త్రొక్కనిచ్చువారు కారు. కావున భారతభూమాపనశాఖవారు హిమాలయప్రాంతపు దేశీయులకు శిక్షణ మిచ్చి, యాత్రికవేషములతోఁ బంపుచుండిరి. వీరిలోఁ బ్రసిద్ధుఁడు కుమావూఁ సీమలోని మిలాము గ్రామమునకుఁ జెందిన నైనుసింగు. అతఁడు పాఠశాలోపాధ్యాయుఁడు. ఆ వృత్తినిబట్టి యతనికిఁ జెల్లిన 'పండితుఁ'డను పేరు, తరువాత నా పనికిఁ బోయినవారి కందఱకును, అక్షరము రానివారికిఁ గూడ, బిరుదమై నిలిచినది. నూటయెనిమిది పూసలుండవలసిన జపమాలలో నతఁడు నూఱు పూసలే యుంచి, నూఱంగల కొక్క పూస చొప్పునఁ ద్రిప్పుచు దూరము లెక్కించెను. ప్రార్థనాచక్రములో మంత్రపత్రమునకు బదులు తన లెక్కలు దాఁచెను. నీరు మరుగు వేఁడిమినిబట్టి ప్రదేశముల యెత్తు గణించెను. 1866లో లాసానగరము చేరి దాని స్థానమును, ఔన్నత్యమును నిర్ణయించెను. 1877లో లండనునందలి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు స్వర్ణపతక మిచ్చి యతనిని గౌరవించిరి. ఇది పలువు రెఱిఁగిన వృత్తాంతము గనుక నిచటఁ బెంపనక్కఱలేదు. అతని వెనుక వచ్చినవారిలో నొకనికిఁ బతకము లేదు, గణితము లేదు, అక్షరజ్ఞానమును లేదు. సాంగుపో విషయమున ముఖ్యసాక్షి యతఁడే.

అతని పేరు కింథపు. సిక్కిమువాఁడు, డార్జిలింగులో బట్టలు కుట్టి జీవించెడివాఁడు. నేమ్‌సింగు అను నన్వేషకునివెంట సేవకుఁడై గ్యాలావఱకు నొకమాఱు పోయివచ్చెను. 1880లో హార్మను అను సైన్యాధికారి, సాంగుపో గతిఁ దెలిసికొనుట కొక యుపాయము పన్నెను. టిబెట్టులో నానవాలు గుర్తులు గల కఱ్ఱదుంగలు 500, దినమునకు 50 చొప్పునఁ బది దినములు, నదిలో వేయవలయును. ఏ దినములలో వేయుదురో ముందుగాఁ దెలుపవలయును. ఆ దినములు మొదలుకొని యస్సాములో దిహాంగుముఖమున మనుష్యులు కాచియుందురు. దుంగలు కనఁబడినచో నదు లొక్కటియే. ఈ పనికిఁ జదువెఱిఁగిన యొక లామాను నాయకునిగాను, కింథపును వాని సేవకునిగాను నియమించిరి.

ఆ లామా యెట్టివాఁడో త్రోవలోనే తెలిసినది. సర్కారు సొమ్ము విలాసములకు వ్యయపఱచెను. ఒక గ్రామమున నాతిథ్యమిచ్చినవాని భార్యతో సంబంధము పెట్టుకొని, నాలుగు నెలలచట నిలిచిపోయెను. ఆ యపరాధమునకుఁ బరిహారముగా 25 రూపాయలు చెల్లించి, వానిని విడిపించుకొని పోవలసినవాఁడు సేవకుఁడైన కింథపు. 1881 మార్చినెలలో గ్యాలా చేరి, అచటినుండి పెమాకోచుంగు అను చిన్న బౌద్ధమఠమువఱకు నదివెంట దిగిరి. ఆపైఁ గొండచఱియలలో దారి లేకపోఁగా మఱలి, వేఱొక మార్గమునఁ దోంగ్యూకు జోంగు అను దుర్గము చేరిరి. అచట లామా 'త్వరలో వత్తు'నని చెప్పి వెడలిపోయెను. దినములు గడచినపిదప, తన్నతఁడు దుర్గాధిపతికి దాసునిగా నమ్మి, స్వదేశమునకుఁ బోయినట్లు కింథపునకుఁ దెలియవచ్చెను. ఇది 1881 మేనెలలో జరిగినది.

దాస్యములో దాదాపు పదినెలలు గడచెను. 1882 మార్చినెలలో నతఁడు తప్పించుకొని పాఱిపోయెను. ఇచట నొక్క యంశము నిలిచి చూడవలసి యున్నది. అతఁ డెటు పోయెను? ఒప్పందము చేసినవాఁడు లామా; ద్రోహము చేసినవాఁడును లామాయే. డార్జిలింగునకు మఱలినచో నతని నడుగువాఁడు లేఁడు, నిందించువాఁడును లేఁడు. ప్రాణభీతిచేఁ బాఱిపోవువానికి సహజమైన దిక్కు స్వగృహము. కింథపు నదివెంట దిగువకుఁ బోయెను. తనకు నాయకుఁడుగా నున్నవాఁడు విడిచిపోయిన పనిని దాను నెఱవేర్పఁ బూనెను. దుర్గాధిపతి మనుష్యులు వెన్నాడి పట్టుకొనఁ బోవఁగా, మార్పుంగు మఠమునఁ బ్రవేశించి, మఠాధిపతి పాదములపైఁ బడి శరణు వేఁడెను. ఆ లామా దయాళువు. 50 రూపాయ లిచ్చి యతనిఁ గొనెను. దాస్యము తప్పలేదు, యజమానుఁడు మాత్రము మాఱెను.

నాలుగున్నర నెలలు మఠములో సేవచేసి, తీర్థయాత్ర నెపమున సెలవు కోరి, నదిసమీపమున నడవిలోఁ జేరి, దుంగలు కొట్టుటకుఁ బ్రారంభించెను. ఒంటిగా నొక మనుష్యుఁడు, గొడ్డటితో, ఎవరికంటను బడకుండ, అయిదునూఱు దుంగలు సమకూర్చి, మనుష్యసంచారము లేని గుహలో దాఁచెను. పిదప మఠమునకు మఱలివచ్చి మునుపటివలె సేవచేసెను. మఱికొంతకాలమునకు మఱల సెలవుపొంది లాసాకుఁ బోయి, అచటఁ గనఁబడిన సిక్కిము దేశస్థుఁ డొకనిచేత డార్జిలింగులోని నేమ్‌సింగునకు జాబు వ్రాయించెను. లామా తన్నమ్మిన సంగతియు, దుంగలు సిద్ధముగానున్న సంగతియుఁ దెలిపి, జలమేషసంవత్సరము పదియవ మాసములో బీపుంగు అను స్థలమునుండి దినమునకు 50 చొప్పున వాని నదిలో వేయుదు నని యా జాబు సారాంశము.

జలమేష మనఁగా 1883. టిబెట్టువా రేఁడుల నిటు మూలద్రవ్యములతోడను, జంతువులతోడను జోడించి పిలుచుటయేకాక, కాలచక్రతంత్రముతో వచ్చిన ప్రభవాది షష్టిసంవత్సరములను గూడ నెఱుఁగుదురు. వారి చక్రము 1867లో మఱల మొదలైనది; తెలుఁగు పంచాంగముల ప్రభవయు నా యేఁటనే. ఆ లెక్క చొప్పున జలమేషము స్వభానువగును. అక్షరములు రాని యీ కుట్టుపనివాఁడు చెప్పిన తిథి, పదినెలల ముందు చెప్పినను, ఇట్లు నిస్సందేహముగ నిర్ణయింప వీలగుచున్నది.

అతఁడు మఠమునకు మఱలివచ్చి తొమ్మిదినెలలు పనిచేసెను. తీర్థసేవయం దతనికిఁ గల శ్రద్ధను మెచ్చి మఠాధిపతి దాస్యవిముక్తిఁ గలిగించెను. స్వతంత్రుఁడైనవాఁడు నిర్ణీతదినములలో బీపుంగు చేరి, పది దినములు దినమునకు 50 దుంగలు ప్రవాహమున విడిచెను. పిదప నదివెంటనే యస్సామునకు దిగఁ బ్రయత్నించి, అబోరుల గ్రామములవఱకుఁ బోయి, ముందునకు సాగుట దుస్సాధ్యము గాఁగా, లాసామార్గముననే మఱలెను. 1884 నవంబరులో, నాలుగేండ్లకుఁ బైగాఁ గడచిన పిదప, డార్జిలింగు చేరెను. అతఁడు లేని కాలములో నతని తల్లి మరణించియుండెను.

దుంగల నెవ్వరును జూడలేదు. జాబు సకాలమున నందవలసిన చోట నందలేదు. హార్మను రోగపీడితుఁడై భారతదేశమును విడిచి, 1883లో మరణించెను. నదీముఖమునఁ గాచువారు లేరు. ఆ యైదునూఱు దుంగలు రాత్రియుఁ బగలును నదిలోఁ గొట్టుకొనిపోయి, బంగాళాఖాతమున నెచ్చటఁ జేరెనో.

ఇఁక మిగిలినది వాఙ్మూలము. కింథపు వ్రాయనేరఁడు, దారిలో నొక్క గుఱుతైనను వ్రాసికొన్నవాఁడు కాఁడు. అతఁడు జ్ఞాపకమునుండి చెప్పఁగా, ఉగ్యేన్ గ్యాత్సో అను లామా వ్రాసికొనెను; దానిని మఱియొకఁ డాంగ్లములోనికిఁ బరివర్తించెను; అది 1889లో భూమాపనశాఖవారిచే ముద్రింపఁబడెను. వక్తకును జదువరికిని నడుమ నీ విధముగ రెండు చేతులున్నవి. ముద్రితపాఠమున నొక వాక్యము పలువురి నాకర్షించెను: పెమాకోచుంగు మఠమునకు సమీపమున, షింజే చోగ్యాలు అను కొండకొమ్మునుండి సాంగుపో 150 అడుగులు క్రిందికి దూఁకుచున్న దనియు, అడుగున మడుఁగొకటి కలదనియు, అచట నింద్రధనుస్సు నిత్యము కనఁబడు ననియు దాని తాత్పర్యము. ఊహించినవారి మహాజలపాత మిదియే యని కొందఱు సంతసించిరి. నిరక్షరుని మాటకుఁ బ్రామాణ్య మేమని కొందఱు తక్కిన కథనమంతయు సందేహించిరి. ఉభయులును వాఙ్మూలమునే పరీక్షింపలేదు.

ఆ పరీక్ష 1913లో జరిగినది. బెయిలీ, మోర్స్‌హెడ్డు అను నిద్దఱధికారులు దిబాంగులోయనుండి బయలువెడలి కొండలు దాఁటి సాంగుపో చేరి, కింథపు చెప్పిన గ్రామములను, మఠములను, దారులను వాఙ్మూలముతోఁ బోల్చి చూచిరి. ముప్పదియేండ్లకుఁ బూర్వము చెప్పినవి యాశ్చర్యముగ సరిపోయినవి. పెమాకోచుంగుకడ నది దూఁకుచున్నది, నీటితుంపరలలో నింద్రధనుస్సును గలదు. ఎత్తు మాత్రము 30 అడుగులే. కాని గ్యాలాకెదుర, నదికి నావలి యొడ్డున, చిన్న యుపనది యొకటి యున్నతమైన కొండనుండి పడుచున్నది. ఆ నీటితెర వెనుక నొక దేవతాప్రతిమ కలదు. దాని పేరే షింజే చోగ్యాలు.

సంస్కృతగ్రంథములను దమ భాషలోనికిఁ దెచ్చినపుడు టిబెట్టువారు యమశబ్దమునకు 'షింజే' యనియు, ధర్మరాజశబ్దమునకుఁ 'జోగ్యాల్' అనియు వాడుదురు. షింజే చోగ్యాలనఁగా యమధర్మరాజు. ఇది కొండకొమ్ము పేరు కాదు, పూజ్యదేవతానామము; ఆ దేవత యున్న చోటనే యా పేరుండవలయును. గ్యాలాలోని చిన్న జలపాతపు టెత్తును, దాని దేవత పేరును దెచ్చి, పెమాకోచుంగులోని యింద్రధనుస్సుతోఁ గలిపిన దెవరో యిఁకఁ జెప్పనక్కఱలేదు. తాళపత్రప్రతులు పరిష్కరించువారి కిట్టి ప్రమాదము క్రొత్త గాదు. లేఖకుని దృష్టి యొక పఙ్క్తినుండి సమానమైన మఱియొక పఙ్క్తికి జాఱును, రెండు వాక్యము లొక్కటియగును, దోషము గ్రంథకర్తపైఁ బడును. తరువాత బెయిలీ కింథపును వెదకి పిలిపించి యడుగఁగా, పెమాకోచుంగులో 150 అడుగుల జలపాత మున్నదని తాను జెప్పనే లేదని యతఁడు పలికెను.

1924లోఁ గింగ్డన్ వార్డు, కాడరు ప్రభువు అను నిద్దఱు లోయలో మఱికొంత భాగము చూచి, మహాజలపాతము లేదని నిశ్చయించిరి. 1998లో నమెరికాదేశపు యాత్రికులు కొందఱు, వారు చూడలేకపోయిన యిఱుకులోనికి దిగి, సుమారు నూఱడుగుల జలపాత మొకటి సాంగుపోలోనే కలదని కనుఁగొనిరి. కింథపు దానిఁ జూచినవాఁడు కాఁడు, చూచితి ననియుఁ జెప్పలేదు. లేఖకుని తప్పున కీ కొత్త జలపాతమును సమర్థనముగాఁ దెచ్చుట యుక్తము కాదు.

బెయిలీ వెదకించునప్పటికిఁ గింథపు డార్జిలింగులో మునుపటి కుట్టుపనినే చేసికొనుచుండెను. అతనికి జీవితాంతము నెలవేతన మిప్పింపవలయు నని బెయిలీ కోరెను. ఎంతకాలము జీవించునో తెలియనివానికి వేతనమిచ్చుటకుఁ బ్రభుత్వమువా రంగీకరింపక, ఒక్కమాఱుగ 1,000 రూపాయలిచ్చిరి. కొన్ని నెలలకే యతఁడు మరణించెను.