పత్రాల లెక్కకు అందని వైరస్

2003 జూన్ నుంచి రెండు మూడు నెలలపాటు ఉత్తర తెలంగాణ పల్లెల్లో పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. తీవ్రమైన జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపై స్పృహ తప్పడం. ఆసుపత్రికి చేరిన ఒక రోజులోపే ఎందరో పోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడు లెక్కకెక్కిన 329 మంది పిల్లల్లో 183 మంది బతకలేదు.

మెదడువాపు అంటే మన దగ్గర ముందు గుర్తొచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించిన నమూనాల్లో బయటపడింది మాత్రం చండీపుర వైరస్. అదేమీ కొత్తది కాదు. 1965లోనే నాగపూర్ దగ్గరి చండీపురలో ఇద్దరు జ్వరపీడితుల రక్తంలో దొరికింది. తర్వాత ఇసుక ఈగల్లోనూ కనబడింది. అయినా ఇంత ప్రాణాంతకమని పెద్దగా ఎవరూ అనుకోలేదు.

ఏ జబ్బు ప్రమాదకరమో పరిశోధనా పత్రాల లెక్కతో అంచనా వేసే కొలమానం ఒకటుంది: 2005లో భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక. ఒక విషయంపై కనీసం ఇరవైసార్లు ఉదహరింపబడిన పత్రాలు ఇరవై ఉంటే దాని స్కోరు 20. 2011లో లివర్‌పూల్ పరిశోధకులు దీన్ని 1,400 పైచిలుకు రోగకారకాలకు వర్తింపజేశారు. ఏ జబ్బు ఎక్కువ ప్రమాదకరమో త్వరగా, చవకగా తేల్చడానికి ఇది పనికొస్తుందన్నారు. నిజమే, నిపుణులను సమావేశపరిచి ఓట్లు వేయించడం కన్నా ఇది తేలిక. కానీ 2002లో ఇదే కొలమానం మన చేతిలో ఉండి ఉంటే చండీపుర ఏ మూలనో పడి ఉండేది. పత్రాలు పెరిగింది పిల్లలు పోయాకే. వాళ్లకు వచ్చింది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాల దెబ్బ అని వాదించిన వైద్యుల పత్రాలూ ఆ లెక్కలోకే చేరాయి.

కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలోని వడ్డేపల్లి లాంటి చోట ఒక జ్వరం పరిశోధనాపత్రం దాకా వెళ్లాలంటే ముందు బిడ్డ బతికుండగా పెద్దాసుపత్రికి చేరాలి, నమూనా చెడకుండా ప్రయోగశాలకు పోవాలి. వీటిలో ఏది తప్పినా స్కోరు సున్నాయే. అందుకే ఈ సూచికను పల్లె ఆరోగ్య కార్యకర్తల జ్వరాల రిజిస్టరు పక్కన పెట్టి చూడాలి తప్ప, దాని బదులుగా వాడకూడదు.

ఈ వైరస్‌ను మోసే ఇసుక ఈగ దోమకన్నా చిన్నది. రెక్కలు పైకెత్తి వాలుతుంది, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో దాగుతుంది. 2024లో అదే వైరస్ ముఖ్యంగా గుజరాత్‌లో మళ్లీ విజృంభించి, దేశంలో 64 మందిలో నిర్ధారణ అయింది. టీకా, ప్రత్యేకమైన మందు అప్పటికీ లేవు. సిబ్బంది గోడల పగుళ్లలో మలాథియాన్ పొడి చల్లుతూ పోయారు.