పాత పుస్తకాలకు కొత్త పద్దు – “కోహా” చరిత్ర నేర్పే పాఠం

మన ఇండ్లలో చాలాచోట్ల ఒక పాత చెక్క బీరువా గాని, రేకు పెట్టె గాని ఉంటుంది. దాదాగారి కాలపు ఉర్దూ పుస్తకాలు, చేతివ్రాత బయాజులు, పత్రికల జిల్దులు అందులో ఉంటాయి. ఆ పెద్దాయన ఉన్నంత కాలం ఎక్కడ ఏమున్నదో ఆయనకు తెలుసు. ఆయన పోయిన తరువాత పిల్లలు పెట్టె తెరుస్తారు, లిపి చదవటం రాదు, మూసేస్తారు. ఇల్లు మారే రోజున అవి చిత్తుకాగితాల బండి ఎక్కుతాయి. ఆలోచించి చూస్తే, పుస్తకం పోక ముందే దాని జాబితా పోయింది. ఆ జాబితా పెద్దాయన తలలో మాత్రమే ఉండేది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1891లో హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం వెలసినది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ గారి చొరవతో పుట్టిన ఆ గ్రంథాలయమే నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దానికి ప్రభుత్వపు అండ ఉన్నది. కాని అబ్దుస్ సమద్ ఖాన్ గారి వంటి వారు తమ సొంత శ్రమతోనే ఉర్దూ పుస్తకాలను, పత్రికలను పోగుచేశారు. 1996లో చికాగో విశ్వవిద్యాలయం ఆయన సేకరణను కొన్నది. అయితే అమెరికాకు తరలించలేదు; హైదరాబాదులోనే సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంచారు. 2000 ఆగస్టులో నగరానికి వరద వచ్చినప్పుడు ఆ పుస్తకాలు కూడా తడిసిపోయాయి. ఇంత జాగ్రత్తగా ఉంచినవాటికే ఈ గతి పడితే, మన రేకు పెట్టెల సంగతి ఏమి చెప్పాలి!

“కంప్యూటరులో పెట్టేస్తే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. మేమూ అలాగే అనుకున్నాము. కొన్నేండ్ల క్రితం మేము పనిచేసిన ఒక బడిలో లైబ్రరీ జాబితా మొత్తం ఒక కంపెనీవారి ప్రోగ్రాములో ఎక్కించాము. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. తరువాత ఆ కంపెనీవారు రావటం మానేశారు, కంప్యూటరు మారింది, పాత ప్రోగ్రాము కొత్తదానిలో తెరుచుకోలేదు. మేము టైపు చేసిన మా పుస్తకాల పేర్లే మాకు దక్కలేదు. తాళం మనది, తాళంచెవి ఇతరులది అన్నట్లయింది.

ఇటువంటి చిక్కే 1999లో న్యూజీలాండ్‌లోని లెవిన్ అనే చిన్న పట్టణంలో వచ్చినది. హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టువారి పాత ప్రోగ్రాము 2000 సంవత్సరపు తేదీలను అర్థం చేసుకోలేదని తెలిసింది. కొత్తది కొనటానికి వారి వద్ద పెద్ద సొమ్ము లేదు. వారు కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థను పిలిచి, సొంతంగా ఒక ప్రోగ్రాము వ్రాయించుకున్నారు. క్రిస్ కార్మాక్ మొదలగువారు దాన్ని వ్రాశారు. 2000 జనవరి 3న అది పని మొదలుపెట్టినది.

అసలు విశేషం ఆ తరువాతిది. వారు దాన్ని దాచుకోలేదు, అమ్ముకోలేదు. సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఇచ్చివేశారు. అంటే వండిన అన్నం ఒక్కటే కాదు, వండే విధానం కూడా వ్రాసి ఇచ్చారన్నమాట. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పంచేటప్పుడు మాత్రం ఆ మార్పును కూడా ఇతరులకు తెరిచే పెట్టాలి. ఇది ఊరుమ్మడి బావి వంటిది. నీళ్ళు అందరివీ, పూడిక తీసే బాధ్యతా అందరిదీ. దానికి వారు పెట్టిన పేరు “కోహా”. మావోరీ భాషలో కానుక అని అర్థం.

కానుకకు కూడా కష్టకాలం వచ్చింది. “కోహా” అనే పేరును తన పేరిట నమోదు చేయించుకోవాలని ఒక అమెరికా కంపెనీ దరఖాస్తు పెట్టింది. 2011లో సంగతి ముదిరితే ఆ చిన్న ట్రస్టు సాయం చేయమని లోకానికి విజ్ఞప్తి చేసింది. దేశదేశాల వారు స్పందించారు. 2013లో ఆ దరఖాస్తు తిరస్కరింపబడింది. ఉమ్మడి ఆస్తికి కాపలా కూడా ఉమ్మడిగానే ఉండాలని దీనివల్ల తెలుస్తున్నది.

అదే న్యూజీలాండ్‌లో వైకాటో విశ్వవిద్యాలయం వారు “గ్రీన్‌స్టోన్” అనే మరొక ఉచిత ప్రోగ్రామును తయారుచేశారు. ఫోటో తీసిన పుటలను, వాటి వివరాలను ఒకచోట చేర్చి చదువుకునేట్లు అమర్చటం దాని పని. యునెస్కో కూడా దాన్ని పంచిపెట్టింది. ఇంటర్నెట్ లేని చోట్ల సీడీ మీద కూడా పనిచేసేది. మన హైదరాబాదు కూడా వెనుకబడలేదు. ఇక్కడే తయారై 2005లో వచ్చిన “న్యూజెన్‌లిబ్” అనే గ్రంథాలయ ప్రోగ్రామును 2008 జనవరి 9న ఉచిత సోర్స్‌గా ప్రకటించారు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పనిముట్టు ఉచితమే గాని పని ఉచితం కాదు. కంప్యూటరు, కరెంటు, మరోచోట దాచిన నకలు, అన్నిటికన్నా ముఖ్యంగా చదవగలిగిన మనిషి కావాలి. “టెసరాక్ట్” అనే ప్రోగ్రాము ఫోటోలోని అక్షరాలను చదువుతుంది. 2005 నుండి అది కూడా ఉచితమే. కాని కాతిబు చేత్తో వ్రాసి రాతి అచ్చు వేసిన నస్తాలీక్ పుట ఎదురైతే తప్పులు చదువుతుంది. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చునే ఆ లిపి యంత్రానికి సులభంగా లొంగదు. సంవత్సరాల చిక్కు మరొకటి. కొన్నిటిపై హిజ్రీ ఉంటుంది, కొన్నిటిపై నిజాం కాలపు ఫస్లీ. హిజ్రీ 1300 అంటే 1882–83. ఫస్లీ 1318 అంటే 1908–09. ఇవి తెలిసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. ఎల్లకాలం ఉండరు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో బాగానే చదువుకుంటున్నారు, సంతోషమే. కాని తాతగారి పుస్తకం పేరు కూడా చదవలేకపోతున్నారు.

కనుక మా విన్నపం ఇది. కంప్యూటరు తెలిసిన పిల్లవాడు ఒకడు, ఉర్దూ తెలిసిన పెద్దాయన ఒకరు, వారానికి ఒక సాయంత్రం పక్కపక్కన కూర్చోవాలి. పెద్దాయన చదువుతారు, పిల్లవాడు ఎక్కిస్తాడు. పుస్తకం పేరు, వ్రాసినవారు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పుటల సంఖ్య, ఎవరి ఇంటిది – ఈ ఆరు వివరాలు చాలు. ఉర్దూ పేరును ఉర్దూలోనే, ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్‌లో వ్రాయాలి. పక్కనే తెలుగులో కూడా వ్రాస్తే ఇంటిల్లపాదికీ అర్థమవుతుంది. ఫోటోలు తరువాత తీసుకోవచ్చు. జాబితా లేని ఫోటోల కుప్ప కూడా మరొక రేకు పెట్టె వంటిదే.

లెవిన్ పట్టణంవారు లక్షాధికారులు కారు. ఉన్నదానితో తమ అవసరం తీర్చుకుని, అది నలుగురికీ పనికివచ్చేట్లు చేశారు. వచ్చే సంచిక నాటికి మన సభ్యుల ఇండ్ల నుండి కనీసం నూరు పుస్తకాల జాబితా తయారు కావాలని మా కోరిక. ముందుగా మా ఇంటి పెట్టె తెరుస్తున్నాము. మీ పెట్టె తాళంచెవి ఎక్కడున్నదో ఈ రాత్రే ఇంట్లో అడగండి.