వరద మైదానాల జోన్ల విభజన, ముంపు పటాల నవీకరణ: వంశధార, మహేంద్రతనయ తీరాలు

(నేపథ్య వ్యాసం)

నదీతీరంలో ఎక్కడ కట్టడానికి అనుమతి ఇవ్వవచ్చును, ఎక్కడ ఇవ్వరాదు అనే విషయాన్ని రాష్ట్రంలోని భవన నిర్మాణ నిబంధనలు నదీ సరిహద్దు నుంచి ఉన్న దూరాన్ని బట్టి నిర్ణయిస్తున్నాయి. వరద నీరు మాత్రం నేల ఎత్తుపల్లాలను అనుసరించి వ్యాపిస్తుంది. ఈ రెండింటి మధ్యనున్న అంతరాన్ని పూరించేందుకు ఉద్దేశించినవే వరద మైదానాల జోన్ల విభజన, దానికి ఆధారమైన ముంపు పటాలు. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దున ఉన్న పాతపట్నం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపకరించే వివరాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

నదుల స్థితి

వంశధార నది ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తున్నది. దాని పరీవాహక ప్రాంతం 10,830 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో సుమారు 8,015 చదరపు కిలోమీటర్లు, అనగా దాదాపు నాలుగింట మూడు వంతులు ఒడిశాలోనే ఉన్నది. దీని ఉపనది అయిన మహేంద్రతనయ గజపతి జిల్లా కొండలలో పుట్టి, పర్లాకిమిడి, పాతపట్నం ప్రాంతాల మీదుగా వచ్చి వంశధారలో చేరుతున్నది. ఇదే పేరుగల మరొక ఏరు బారువ వద్ద నేరుగా సముద్రంలో కలుస్తున్నది. వార్తలలోను, నివేదికలలోను ఈ రెండింటిని వేరువేరుగా పేర్కొనవలసి ఉంటుంది.

కొండలలో పడిన వర్షం తక్కువ వ్యవధిలోనే మైదానానికి చేరడం ఈ నదుల స్వభావం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఇందుకు నిదర్శనం. గాలి తీవ్రతకు జిల్లాలోని కొబ్బరి, జీడి తోటలు దెబ్బతినగా, తుపాను లోపలి ప్రాంతాలకు మరలిన పిమ్మట ఎగువన కురిసిన వానలతో వంశధార పొంగి తీర గ్రామాలను ముంచెత్తినది. హిరమండలం వద్దనున్న గొట్టా బ్యారేజీ సాగునీటి మళ్ళింపునకు నిర్మించినది. పెద్ద వరదను నిల్వచేసి తగ్గించే సామర్థ్యం దానికి లేదు. కావున ఎగువ నుంచి వచ్చిన వరదను దిగువకు వదలవలసిందే.

అమలులోనున్న నిబంధనలు

2012 ఏప్రిల్ 7న జి.ఓ. ఎం.ఎస్. నం. 168 ద్వారా జారీ అయిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నదీ సరిహద్దు నుంచి పురపాలక పరిధిలో 50 మీటర్లు, పురపాలక పరిధికి వెలుపల 100 మీటర్లు ఖాళీగా విడువవలెను. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువులకు 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగులు, కాలువలకు 9 మీటర్లు, పది మీటర్లలోపు వాటికి 2 మీటర్లు నిర్ణయించబడినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జి.ఓ. ఎం.ఎస్. నం. 119 ద్వారా వచ్చిన నిబంధనలు కూడ దూరం ప్రాతిపదికనే అనుసరించినవి.

ఇవిగాక 1884 నాటి నదుల సంరక్షణ చట్టం నదీగర్భాన్ని సర్వే చేయించి, పటంలో హద్దులు చూపి, ఆ హద్దులలో అనుమతి లేని పనులను నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వానికి కల్పించినది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) అమలులోనికి వచ్చినది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ప్రణాళికను రూపొందించవలసి ఉంటుంది.

దూరం ప్రాతిపదిక అమలుకు సులువైనది. టేపుతో కొలిచి తేల్చవచ్చును. అయితే ఎత్తైన గట్టు మీద 60 మీటర్ల దూరంలోని స్థలం సురక్షితంగా ఉండవచ్చును. పల్లపు నేలలో అర కిలోమీటరు దూరంలోని కాలనీ మునగవచ్చును. ఆ కాలనీకి అనుమతి ఇచ్చిన అధికారి నిబంధనను అతిక్రమించినట్లు కాదు. నిబంధన పాటించిన చోట కూడ ఇళ్ళు మునగడానికి ఇదే కారణం.

నమూనా బిల్లు సారాంశం

నీటి పారుదల, గట్లు, మురుగు పారుదల, భూమి అనేవి రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాకు చెందిన అంశాలు. అందువలన కేంద్ర ప్రభుత్వం 1975లో వరద మైదానాల జోన్ల విభజనపై ఒక నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపినది. మణిపూర్ 1978లోను, రాజస్థాన్ 1990లోను, ఉత్తరాఖండ్ 2012లోను చట్టాలు చేసినవి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2008లో వరదలపైన, 2010లో పట్టణ వరదలపైన మార్గదర్శకాలను వెలువరించినది.

నమూనా బిల్లుతో పాటు సూచించిన ప్రాధాన్యతాక్రమం ఈ విధంగా ఉన్నది.

మొదటి ప్రాధాన్యం: ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా, టెలిఫోన్ కేంద్రాలు, రైల్వే స్టేషన్లు, పరిశ్రమలు. ఇవి 100 ఏళ్ళ వరద మట్టానికి, లేదా ఇంతవరకు నమోదైన గరిష్ఠ మట్టానికి పైన ఉండవలెను.

రెండవ ప్రాధాన్యం: ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, నివాస ప్రాంతాలు. ఇవి 25 ఏళ్ళ వరద మట్టానికి పైన ఉండవలెను. ముప్పు గల చోట స్తంభాలపై నిర్మించవలెను.

మూడవ ప్రాధాన్యం: ఉద్యానవనాలు, ఆటస్థలాలు. తరచుగా మునిగే నేలలను వీటికి కేటాయించవచ్చును.

‘వందేళ్ళ వరద’ అనగా నేమి?

ఈ మాటను వందేళ్ళకు ఒకసారి మాత్రమే వచ్చే వరదగా భావించడం పొరపాటు. ఏ సంవత్సరంలోనైనా ఆ మట్టానికి నీరు చేరే అవకాశం ఒక శాతం అని దీని అర్థం. వరుసగా రెండు సంవత్సరాలలో రావడానికి కూడ ఆస్కారమున్నది. ముప్పై ఏళ్ళ కాలాన్ని తీసుకుంటే, వందేళ్ళ వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఇరవై ఐదేళ్ళ వరదకు అదే అవకాశం దాదాపు 71 శాతం. కనుక 25 ఏళ్ళ మట్టానికి సరిగ్గా నేల ఉన్న స్థలంలో ఇల్లు కట్టి, ముప్పై ఏళ్ళ గృహరుణం తీసుకొన్న కుటుంబం అప్పు తీరేలోగా ముంపు చూడడానికే ఎక్కువ అవకాశం ఉన్నది. ఇంటి పునాదిని ఎంత ఎత్తున వేయవలెననే నిర్ణయం ఈ లెక్కతోనే ముడిపడి ఉన్నది.

పటాలను ఎందుకు సవరించవలెను?

ముంపు పటం తయారైన నాటి నేలను మాత్రమే చూపుతుంది. ఇసుక తవ్వకాలతో నదీగర్భం ఒకచోట లోతవుతుంది, మేట వేసి మరొకచోట ఎత్తవుతుంది. రహదారి కట్టలు, రైలు కట్టలు నీటి దారికి అడ్డుగా నిలుస్తాయి. లేఅవుట్ల కోసం పల్లాన్ని పూడ్చినప్పుడు ఆ నీరు పక్క పొలానికి చేరుతుంది. ఏటిలోనికి నీటిని చేర్చే గెడ్డలు పూడిపోయిన చోట, ఏరు పొంగకపోయినా వాననీరు నిలిచిపోతుంది. నౌపడా–గుణుపూర్ మార్గం 2011లో బ్రాడ్‌గేజిగా మారినది. తిత్లీ, 2021 సెప్టెంబరు 26 నాటి గులాబ్ తుపాన్లు కొత్త అనుభవాలను మిగిల్చినవి. ఇటువంటి ప్రతి మార్పు తర్వాత పాత పటాన్ని పరిశీలించి సరిచేయవలసి ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 1998–2022 మధ్యకాలపు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దేశంలోని ముంపు ప్రాంతాల అట్లాసును 2023లో వెలువరించినది. ఎక్కడ ఎన్నిసార్లు నీరు నిలిచినదో ఇటువంటి అట్లాసు తెలుపుతుంది. నీటి లోతు, వేగం, నిలిచిన కాలం తెలియడానికి నేల ఎత్తుల సర్వే, నదీ అడ్డుకోతల కొలతలు, వర్షపాత లెక్కలు అదనంగా అవసరమవుతాయి.

ఇతర నగరాల అనుభవం

తుంగభద్ర, హంద్రీ నదులు కలిసే చోటనున్న కర్నూలు నగరం 2009 అక్టోబరు మొదటి వారంలో మునిగినది. ఒడ్డుకు దూరమని భావించిన వీధులలోనికి కూడ నీరు చేరినది. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి, సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా నదిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. పెద్ద నది వైపు కరకట్ట ఉన్నంత మాత్రాన నగరం సురక్షితం కాదని, వెనుకవైపు నుంచి వచ్చే చిన్న ఏరును కూడ పటంలో చేర్చవలెనని ఈ సంఘటన తెలియజేసినది. ఉత్తరాంధ్ర గెడ్డలకు కూడ ఇది వర్తిస్తుంది.

ఒకే ఏరు, రెండు రాష్ట్రాలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఆ రాష్ట్రంలో చేరగా, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలినది. నాటి నుంచి ఒకే ఏటి తీరం రెండు పాలనా వ్యవస్థల కిందనున్నది. ఒకవైపు పురపాలక పట్టణం, రెండవవైపు పంచాయతీ; ఒకవైపు ఒడిశా నిబంధనలు, రెండవవైపు ఆంధ్రప్రదేశ్ నిబంధనలు. ఒక ఒడ్డున గట్టు ఎత్తు పెంచితే ఎదుటి ఒడ్డున నీటిమట్టం పెరగవచ్చును. వంశధార జలాల పంపకంపై రెండు రాష్ట్రాల మధ్య 1962లో ఒప్పందం కుదిరినది. జలవివాదాల ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తన నిర్ణయాన్ని ప్రకటించినది. అవి ప్రధానంగా నీటి వాటాకు, నేరడి బ్యారేజీ వంటి నిర్మాణాలకు సంబంధించినవి. ముంపు పటాలు సరిగా ఉండవలెనంటే గుణుపూర్, కాశీనగర్ వంటి ఎగువ కేంద్రాల నీటిమట్టాలు, రెండు ఒడ్డుల నేల ఎత్తులు ఒకే ప్రామాణిక మట్టంతో ఒకే పటంలోనికి రావలసి ఉంటుంది.

అమలు క్రమం, ప్రజల హక్కులు

నమూనా బిల్లు ప్రకారం ముందుగా ప్రాధికార సంస్థ ఏర్పాటు, తర్వాత సర్వే, హద్దుల గుర్తింపు, ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ, ఆపై నిషేధం లేదా పరిమితి, నష్టపరిహారం అనేవి వరుసగా జరగవలెను. ఈ క్రమంలో అభ్యంతరాల దశ కీలకమైనది. తీర గ్రామాలలో పట్టాభూమి సాగుచేసే రైతుకు, ఇంటిస్థలం తప్ప ఇతర ఆస్తి లేని కుటుంబానికి పటంలోని ఒక గీత భూమి విలువను మార్చివేయగలదు. కనుక పటాలను సర్వే నంబర్ల వారీగా, తెలుగులో, పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించుట అవసరం. గత వరదలలో గోడలపై, గుడి మెట్లపై నీరు నిలిచిన గుర్తులు గ్రామస్థులకు తెలుసును. వాటిని సర్వే సిబ్బంది కొలిచి నమోదు చేసినట్లయితే పటానికి విశ్వసనీయత పెరుగుతుంది. సాగును నిషేధించడం జోన్ల విభజన ఉద్దేశం కాదు. వరద మైదానానికి తగిన వినియోగాలలో వ్యవసాయం ముఖ్యమైనది.

గమనించవలసిన అంశాలు

1. ముంపు పటం నీరు చేరే హద్దును చూపుతుంది. ముప్పు పటం లోతును, వేగాన్ని, నిలిచే కాలాన్ని కూడ చూపుతుంది. ఈ రెండు పదాలను ఒకదానికి బదులు మరొకటి వాడరాదు.

2. పటం ఏ సంవత్సరపు సర్వే ఆధారంగా, ఎన్నేళ్ళ వరదకు తయారైనదో తప్పక పేర్కొనవలెను.

3. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా కొనసాగితే ఒక టి.ఎం.సి. అవుతుంది.

4. కరకట్ట వెనుక భూమి కూడ వరద మైదానమే. గట్టు తెగే ప్రమాదాన్ని, వాననీరు నిలిచే ప్రమాదాన్ని విడిగా లెక్కించవలెను.

5. ఇళ్ళస్థలాలు, పాఠశాలలు, ఉపకేంద్రాలకు భూమిని ఎంపిక చేసేటప్పుడు నది నుంచి దూరంతో పాటు నేల ఎత్తును, తెలిసిన గరిష్ఠ వరద మట్టాన్ని ఫైలులో నమోదు చేయుట శ్రేయస్కరం. కొత్త చట్టం ఏదీ లేకుండానే ఈ పని వెంటనే చేపట్టవచ్చును.