బీల నుంచి డాబా మీదికి

ఉద్యోగమంతా ఉద్దానంలో కరెంటు స్తంభాలెక్కినవాణ్ని. మా కరెంటు చరిత్ర చెప్పమంటే మాత్రం సోంపేట బీల దగ్గరే మొదలెడతాను. వాన నీరు నిలిచే ఆ చిత్తడి నేల మీదే సాగూ, చేపల వేటా. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం పెడతామన్నారు. జనం అడ్డం పడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి వైపు కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

ఆ చరిత్రలో తర్వాతి అధ్యాయం తుపానుది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు తీగల మీదే కూలాయి. మాను కోసి పక్కకి లాగితేగానీ స్తంభం ఎక్కడుండేదో తెలిసేది కాదు. "లైనన్నా, మా ఈదికి కరెంటు ఎప్పుడొస్తాది?" అని ఊరూరా అదే మాట. బోర్లు తిరగవు, తాగడానికి నీళ్లుండవు. కిడ్నీ జబ్బుల సీమ మాది. డయాలసిస్ మిషనుకి కరెంటూ కావాలి, నీళ్లూ కావాలి.

పలాసలో జీడిపిక్కలు ఎండబెట్టే కళ్లాలకి ఎండ విలువ ఎప్పట్నుంచో తెలుసు. డాబాలకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో డాబా మీది 3 కిలోవాట్ల సోలారు పలకలకి 78,000 రూపాయల సబ్సిడీ. మంచిదే. అయితే బ్యాటరీ లేని సోలారు, లైను పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కినవాడికి షాకు కొట్టకుండా పెట్టిన ఏర్పాటది. తుపాను రాత్రి వెలుగు కావాలంటే బ్యాటరీ ఖర్చు వేరే పెట్టుకోవాలి, పలకల బోల్టులు కూడా గట్టిగా బిగించాలి.