మన సభ్యుల షీటులో ఈమెయిల్ కాలమ్: దాని వెనక కథ



సర్వసభ్య సమావేశం నోటీసు ఈసారి ఈమెయిల్ మీద కూడా పంపాలని కమిటీలో అనుకున్నాం. సభ్యుల ఎక్సెల్ షీటులో 'ఈమెయిల్' అని ఒక కాలమ్ ఎప్పటి నుంచో ఉంది. దాన్ని కాపీ చేసి మెయిలింగ్ లిస్టులో పెడితే పది నిమిషాల పని అనుకొని కూర్చున్నాం. మూడు ఆదివారాలు పోయాయి, పని ఇంకా మిగిలే ఉంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మొదట దొరికినవి చిల్లర తప్పులు. చిరునామా చివర ఖాళీ, మధ్యలో కామా, 'కామ్' బదులు 'కాన్', ఒకే గడిలో తండ్రిదీ కొడుకుదీ కలిపి. ఇవి దిద్దడం కష్టం కాదు. తర్వాత కాలమ్‌ను అక్షర క్రమంలో పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఒకే చిరునామా వరుసగా ఎన్నో పేర్ల పక్కన ఉంది. ఎవరిదా అని అడిగితే ఒక పెద్దాయన నవ్విండు: "నాకు మెయిలు ఎక్కడిది బిడ్డా, ఫారం నింపినప్పుడు జిరాక్స్ దుకాణం పిలగాడు తనదే రాసిండు."

కనేరిలో ఇది కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మనవాళ్లు సాంచెల పనికి భివండికి వచ్చినప్పుడు ఎవరికీ సొంత చిరునామా లేదు. ఊరి నుంచి ఉత్తరం 'కేరాఫ్ ఫలానా సేటు కార్ఖానా' అనో, 'కేరాఫ్ ఫలానా బిస్సీ' అనో వచ్చేది. బిస్సీలో తినే పదిమందికీ అదే చిరునామా. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక భివండి 421302 అయింది, సిరిసిల్ల 505301 అయింది. 4తో మొదలయ్యే చోట పని, 5తో మొదలయ్యే చోట ఇల్లు. 1982 జనవరి 18న ముంబై మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. మిల్లుల పని చాలా మటుకు భివండి పవర్లూమ్‌ల వైపు మళ్లింది. సాంచెలు పెరిగాయి, మనుషులు పెరిగారు, కేరాఫ్‌లూ పెరిగాయి. జిరాక్స్ దుకాణం మెయిలు కూడా ఆ వంశంలోదే. కాకపోతే బిస్సీ ఆమె కార్డు అందుకొని పేరు పెట్టి పిలిచేది. దుకాణం పిలగాడు మన నోటీసు తెరిచి ఎవరిని పిలుస్తాడు?

ఈ తిప్పలు మనకొక్కరికే వచ్చినవీ కావు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మెయిలు పంపడం 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజినీరు చేసి చూపించాడు. 1975లో ఆర్పానెట్‌లో మెస్‌గ్రూప్ అనే లిస్టు మొదలైంది. మెయిలింగ్ లిస్టుల్లో తొలితరంది అది. ఐనార్ స్టెఫరుడ్ అనే ఆయన దాని పేర్ల పట్టికను చాలా కాలం చేత్తోనే చూసుకున్నాడు. కొత్తవాళ్లను కలపడం, వద్దన్నవాళ్లను తీయడం, రెండూ ఆయన పనే. కొత్త భీముకు వైపని చేసే మనిషి ఒక్కొక్క పోగును పాత పోగుకు అతికినట్టు.

పట్టిక ఉన్నంత మాత్రాన లిస్టు అవ్వదని చూపించింది మాత్రం 1978 మే నెల సంగతి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో గ్యారీ థూర్క్ అనే మార్కెటింగ్ మేనేజరు ఉండేవాడు. కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు జనాన్ని పిలవాలని, ఆర్పానెట్ వాళ్లు అచ్చు వేసిన డైరెక్టరీలోంచి సుమారు 400 చిరునామాలు టైపు చేయించాడు. సరిగ్గా మనం చేయబోయిన పనే! 'టు' గడిలో పట్టినన్ని పట్టాయి, మిగిలినవి సీసీలోకి పొంగాయి, అక్కడా చాలక ఉత్తరం లోపలికే వచ్చి పడ్డాయి. అట్లా లోపల పడ్డవాళ్లకు మొదటిసారి ఉత్తరమే అందలేదు. అందినవాళ్లు మమ్మల్ని ఎవరు అడిగారని కోప్పడ్డారు. ఇప్పుడు స్పామ్ అనేదానికి ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు.

1986లో పారిస్‌లో ఎరిక్ తోమా అనే ఇంజినీరింగ్ విద్యార్థి లిస్ట్‌సర్వ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. చేరాలనుకున్న మనిషి తానే ఒక మెయిలు పంపితే పేరు చేరుతుంది, వద్దనుకుంటే ఇంకో మెయిలుతో పోతుంది. ఈ కథలో మాకు అన్నింటికంటే పెద్దగా తోచింది ఇదే. తాళంచెవి కార్యదర్శి జేబులోంచి సభ్యుడి చేతికి వచ్చింది.

అమెరికాలోని తెలుగువాళ్లు ఈ దారి ముందే పట్టారు. మెయిల్లో తెలుగు లిపి లేని 1990లలో రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. తర్వాత యాహూ గ్రూప్స్‌లో 'రచ్చబండ' లాంటి గుంపుల్లో సాహిత్యం మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు. యాహూ 2020 డిసెంబర్ 15న ఆ సేవనే మూసేసింది. అందుకే మన పట్టిక అసలు ప్రతి ఎవరి కంపెనీలోనో కాక మన దగ్గరే ఉండాలని కమిటీలో పట్టుబట్టాం.

మా తప్పు ఒకటి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద దీపావళి శుభాకాంక్షలు పంపినప్పుడు అందరి చిరునామాలూ 'టు'లోనే పెట్టాం. అందరివీ అందరికీ కనిపించాయి. ఒకరు 'రిప్లై ఆల్' కొట్టారు, ఇంకొకరు తమ భీమా ఏజెన్సీ ప్రకటన అందరికీ పంపారు. అప్పుడు విసిగి పేరు తీయించుకున్న కుటుంబాల్లో కొందరు ఇప్పటికీ సమావేశాలకు రావడం లేదు. బీసీసీలో పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా మనిషి సమ్మతి గురించే మాట్లాడుతుంది, కానీ ఈ పాఠం మాకు చట్టం కంటే ముందే ఆ దీపావళికే అందింది.

కాలమ్‌లో ఇంకో లోటు చాలా ఆలస్యంగా కనిపించింది. ఆడవాళ్ల పేర్ల పక్కన దాదాపు అంతటా భర్తదో కొడుకుదో చిరునామా. చందా ఆమెది, ఓటు ఆమెది, నోటీసు మాత్రం ఇంకొకరి ఫోనుకు. కొడుకు పుణెలో ఉద్యోగంలో ఉంటే అమ్మకు సమావేశం సంగతి ఎట్లా తెలుస్తుంది? ఒక అక్క మొహం మీదే అడిగింది: "బీడీలు చుట్టి చందా కట్టింది నేను, ఉత్తరం ఆయనకెందుకు?" మా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చేస్తున్నది ఇది. కాలమ్‌ను నేరుగా లిస్టులో వేయడం లేదు. ప్రతి చిరునామాకు ఒకే ఒక్క మెయిలు, అదీ బీసీసీలో, చిన్న చిన్న గుంపులుగా పోతుంది. మామూలు జీమెయిల్ ఖాతా ఒక మెయిలును 500 మందికి మించి పోనివ్వదు కూడా. 'సరే' అని జవాబు ఇచ్చినవాళ్లే లిస్టులోకి వస్తారు. తిరిగొచ్చిన మెయిళ్లను షీటులో గుర్తు పెడుతున్నాం. లిస్టులో రాసే అధికారం కార్యదర్శికీ అధ్యక్షుడికీ మాత్రమే, కాబట్టి 'గుడ్ మార్నింగ్' పూలబొమ్మలు రావు. వద్దనుకుంటే ఒక్క మాట రాస్తే చాలు, పేరు తీసేస్తాం. సభ్యత్వానికీ దానికీ సంబంధం లేదు.

వచ్చే రెండు ఆదివారాలు పొద్దున సంఘం హాల్లో షీటు అచ్చు తీసి బల్ల మీద పెడతాం. పేర్లూ ఇంటి నంబర్లే ఉంటాయి, చిరునామాలు మా దగ్గర అడిగి చూసుకోవచ్చు. అక్కలు, అత్తమ్మలు సొంత మెయిలు కావాలంటే మన పిల్లలు అక్కడే కూర్చొని తెరిచి ఇస్తారు, పాస్‌వర్డ్ మీ నోట్‌బుక్కులో మీరే రాసుకోవాలి. జిరాక్స్ దుకాణం చిరునామా ఉన్న వరుసలకు ఎర్ర రంగు వేశాం. వాళ్లకు నోటీసు ఈసారి కూడా పోస్టుకార్డు మీదే వస్తుంది.