పూటకూళ్లమ్మకు రావలసిన 20 రూపాయలు

ఈ పుస్తకంలో ఏటా పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్లు, శిక్షణల వివరాలు వేసుకుంటాం. చివర నాలుగు పేజీలు పాత సంగతులకు వదులుతాం. ఈసారి ఆ పేజీల్లో తిండి గురించి రాద్దామంటే కార్యవర్గంలో కొందరు నవ్వారు. "వండటం గురించా, తినడం గురించా?" అని ఒక అక్క అడిగింది. తినడం గురించే అక్కా. గడప దాటి, డబ్బులిచ్చి, కూర్చుని, ఇష్టమైంది తినడం గురించి.

దీనికంతటికీ కారణం ఒక బిల్లు. సరస్ మేళాలో మన సమాఖ్య తరఫున స్టాలు పెట్టాం కదా. ఐదుగురం వెళ్లాం. జంతికలు, సున్నుండలు, ఆవకాయ. పది రోజులూ నిలబడే అమ్మాం. నిలబడే తిన్నాం, అదీ ఇంటి నుంచి పట్టుకెళ్లిన అటుకులూ, పచ్చడి అన్నమూ. చివరి రోజు సాయంత్రానికి సరుకంతా అయిపోయింది. అప్పుడు తీరిగ్గా తిండి స్టాళ్ల వైపు నడిచాం. అక్కడ తెలంగాణ సంఘం వాళ్లు జొన్నరొట్టెలు కాలుస్తున్నారు, పక్కన పుంటికూర. మన గోంగూరే, అక్కడ ఆ పేరు. "కూసో అక్కా, వేడివేడిగ తిను" అని ఒకామె కుర్చీ లాగింది. రొట్టె పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చింది. మాలో అరవై దాటిన అక్క ఒక ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా కాసేపు ఆగిపోయింది. "నా పెళ్లయ్యి నలభై రెండేళ్లు. పొయ్యి మీంచి దిగింది దిగినట్టు నాకెవరూ వడ్డించలేదే" అంది. ఏడుస్తూ అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. తర్వాత ఇంకో రొట్టె వేయించుకుంది.

ఊరొచ్చాక ఆ బిల్లు 640 రూపాయలు ఖర్చుల్లో రాయబోతే పేచీ వచ్చింది. రైలు ఛార్జీలు సరే, లగేజీ ఆటో సరే, రొట్టెలేంటి అన్నారు. మన స్టాల్లోనే తినేవి ఉండగా పక్క స్టాల్లో తినడమేంటన్నారు. గంటసేపు నడిచింది ఆ చర్చ. మధ్యలో ఎవరో, "వండటం మన పని. బయట తినడం ఎప్పుడూ మగాళ్ల సరదాయే" అన్నారు. నిజంగా ఎప్పుడూ అంతేనా అని పాత ముచ్చట్లు వెతికాం.

దొరికిన వాటిలో పాతది ఓరుగల్లుది. సుమారు 600 ఏళ్ల కిందటి 'క్రీడాభిరామం' అనే పుస్తకం వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులు చూస్తూ తిరుగుతారు. ఆ ఊళ్లో ఒక పూటకూళ్ల ఇల్లు ఉంది. పూటకూళ్లంటే పూటకింతని డబ్బు పుచ్చుకుని పెట్టే కూడు. అక్కడ ఒక రూకకు ఏం పెడతారో పుస్తకంలో వివరంగా ఉంది: సన్నబియ్యం అన్నం, గోధుమపిండితో చేసిన పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. హోటలనే మాట మన ఊళ్లకు రాకముందే, ఫుల్ మీల్స్ బోర్డు పుట్టకముందే, ఇదీ మన భోజనం.

చదువుతుంటే మాకే నోరూరింది. అయితే ఆ పద్యంలో ఇంటాయన పేరుంది కానీ, గోధుమలు ఎవరు విసిరారో, నెయ్యి ఎవరు కాచారో లేదు. ఊరు చూడ్డానికి తిరిగే ఇద్దరూ మగవాళ్లే. వంటింట్లోవాళ్లు ఎప్పుడు తిన్నారో, ఏం మిగిలితే తిన్నారో ఏ కవీ రాయలేదు.

తర్వాతి కాలంలో ఈ పూటకూళ్ల పని ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్ల చేతుల్లో కనిపిస్తుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. భర్త ఆస్తిలో హిందూ వితంతువుకు వాటా ఇచ్చే చట్టం 1937 దాకా రాలేదు, వచ్చినా ఆ వాటా ఆమె బతికినన్నాళ్లకే. అంతకుముందు ఉమ్మడి కుటుంబంలో తిండీ బట్టా పెడితే పెట్టినట్టు. చేతిలో ఉన్నది వంట ఒక్కటే. పెట్టుబడి అక్కర్లేదు, ఇల్లుంటే చాలు, గిన్నెలుంటే చాలు. కోర్టు పనికి వచ్చినవాళ్లు, చదువుకునే కుర్రాళ్లు, ఉద్యోగస్తులు వచ్చి తినేవాళ్లు. ఇప్పుడు మనం జీవనోపాధి అని ఫారం మీద రాసేది అదే.

అలాంటి ఒకామె మనందరికీ తెలుసు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ. ఆ నాటకం 1892లో మొదటిసారి ఆడారు. విజయనగరంలో కథ మొదలవుతుంది. మొదట్లోనే గిరీశం తన గొప్పలన్నీ చెప్పుకుంటూ ఒక నిజం కక్కేస్తాడు. సంతలో సామాన్లు కొని తెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్లి వేరే సరదాలకు ఖర్చుపెట్టేశాడు. ఆమె ఊరుకోలేదు. చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వెతుక్కుంటూ వచ్చింది. గిరీశం మంచం కింద దాక్కున్నాడు. ఆ ఘట్టానికి నూరేళ్లకు పైగా జనం నవ్వుతూనే ఉన్నారు. మేమూ నవ్వాం.

కానీ సంఘం పుస్తకాలు రాసే చేతితో ఆ నాటకం చదివితే వేరేగా కనిపిస్తుంది. ఆ 20 రూపాయలు మర్నాటి బియ్యం, పప్పు, చింతపండు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. సామాన్లు రాకపోతే మర్నాడు ఆమె ఎవరికి ఏం పెట్టాలి? మొండి బకాయి అంటాం మనం. వసూలుకు వచ్చిన ఆమె గయ్యాళిగా మిగిలిపోయింది, ఎగ్గొట్టినవాడు తెలుగువాళ్ల ముద్దుబిడ్డ అయ్యాడు. ఇంగ్లీషు వచ్చుగా మరి!

అదే కాలంలో గోదావరి లంకల్లో ఇంకొక అమ్మ ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు, 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. ఏ వేళకు ఎవరొచ్చినా కాదనకుండా అన్నం పెట్టారు. అపర అన్నపూర్ణ అన్నారు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టారు. ఆమెకు చేతులెత్తి మొక్కాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు.

అయినా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఊరికే అన్నం పెట్టిన ఆడది దేవత. అన్నం అమ్ముకున్న ఆడది నోటికొచ్చిన మాటలు పడాలి. ఇద్దరూ ఆ పొగలోనే కళ్లు నులుముకున్నారు. మన స్టాలు మీద ధరల పట్టీ కట్టిన మొదటి రోజు, "ఇంటి తిండి కూడా అమ్ముతారా?" అని ఒకాయన అడిగినప్పుడు మాలో ఇద్దరికి ధర చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఆ సిగ్గు మా స్టాల్లో పుట్టింది కాదని ఇప్పుడు తెలిసింది.

ఇక హోటళ్లు. 1920ల నుంచి మద్రాసులో ఉడిపి హోటళ్లు పెరిగాయి, తర్వాత మన పట్టణాలకూ వచ్చాయి. ఇడ్లీ, దోసె, కాఫీ అడిగిన వెంటనే బల్ల మీదికొచ్చే కొత్త సంగతి. వండేది మగవాళ్లు, వడ్డించేది మగవాళ్లు, తినేదీ మగవాళ్లే. అంటే వంట ఎప్పుడైతే జీతం వచ్చే పనయ్యిందో అప్పుడు మగాళ్ల పని కూడా అయ్యింది! ఆడవాళ్లకు 'ఫ్యామిలీ రూమ్' ఉండేది. చెక్క తడికలు, ముందు ఒక పరదా. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలోనూ అలాంటివి చాలాకాలం ఉన్నాయి. వెంట కుటుంబం ఉంటే ఆ పరదా వెనక కూర్చోవచ్చు. ఒక్కతే వెళ్లి చాయ్ తాగిన ఆడమనిషి గురించి మా పెద్దవాళ్లెవరూ చెప్పలేదు.

మన అమ్మలకు హోటలంటే పొట్లం. నాన్న పట్నం నుంచి వచ్చేటప్పుడు ఆకులో కట్టించి తెచ్చిన మైసూర్‌పాక్, చల్లారిపోయిన పునుగులు. అది కూడా పిల్లలకు పంచాక, అడుగున అంటుకున్న పొడి తల్లికి. మాలో చాలామందికి ఆ పొడి నాకిన అమ్మ గుర్తుంది.

కొందరికి పరదా వెనక చోటు కూడా లేదు. హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది, మిగతావాళ్లకు వేరే గది ఉన్న కాలం అది. మద్రాసులో ఒక కాఫీ హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసేయాలని 1957లో పెరియార్ పెద్ద ఉద్యమం నడపాల్సి వచ్చింది. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడేళ్లు. రాజ్యాంగం 15వ అధికరణం మీరు చదివారో లేదో. మతం, కులం, ఆడా మగా అనే తేడాతో ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి రానివ్వకుండా ఆపకూడదని అందులో రాసి ఉంది. హోటలనే మాటే ఉంది. మేం చదివి ఆశ్చర్యపోయాం. అంత పెద్ద పుస్తకంలో హోటల్ గురించి రాయాల్సి వచ్చిందంటే బయట ఎలా ఉండేదో అర్థమవుతోంది. పల్లెటూళ్ల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా పోలేదు. మాలో దళితవాడ అక్కలు చిన్నప్పుడు చూశారు. తాగిన గ్లాసు తామే కడిగి చూరులో పెట్టి వచ్చేవాళ్లు. బయట తినడం సరదా అని ఎవరన్నా తేలిగ్గా అంటే ఈ అక్కల్ని అడగమని చెప్తాం.

అలాగని మన ఆడవాళ్లు బయట ఏమీ తినలేదని కాదు. తిరనాళ్లు ఉన్నాయిగా. మొక్కు పేరు చెప్పి బండి కట్టించి, జీళ్లు, ఖర్జూరాలు, మిరపకాయ బజ్జీలు నిలబడి తిని, పిల్లలకు బూరా కొనిచ్చి వచ్చేవాళ్లు. దేవుడి పని కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. అమ్మవారికి ఎంత పుణ్యమో!

పట్నంలో అలాంటిదే నుమాయిష్. 1938లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946లో నాంపల్లికి మారింది. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర. అందులో ఒక రోజు ఆడవాళ్లకే. పరదా కట్టుకునే ఇళ్ల వాళ్లు కూడా ఆ రోజు వచ్చి తిరిగి, కొని, తినేవాళ్లు. ఇంకో సంగతి. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అందులో ఒకటి. అంటే నుమాయిష్‌లో మనం ఖర్చుపెట్టిన రూపాయిలో కొంత ఎవరో ఆడపిల్ల చదువులోకి వెళ్తోంది.

మాకు అన్నిటికంటే నచ్చింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కథ. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఊరూరా మహిళా సంఘాలున్నాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న చెలకలు ఉన్నవాళ్లు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు పోకుండా కాపాడుకున్నారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లు అలంకరించి, విత్తనాల బుట్టలు పెట్టుకుని సుమారు నెలరోజులు ఊళ్లు తిరుగుతారు. ఆగిన చోటల్లా పాటలు, మాటలు, భోజనాలు. జహీరాబాద్‌లో చిరుధాన్యాల హోటల్ కూడా తెరిచారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

బహుమతి కంటే మాకు ఆ భోజనాలే గొప్పగా తోచాయి. ఎవరి గ్లాసు చూరులో ఉండేదో వాళ్లు వండితే, ఊరు వరసలో కూర్చుని తింటోంది. ఒకప్పుడు పేదోళ్ల తిండని చిన్నచూపు చూసిన కొర్రన్నాన్ని డబ్బున్నవాళ్లు వెతుక్కుని తింటున్నారు.

డ్వాక్రా 1982లో వచ్చింది. దూబగుంట సారా ఉద్యమం 1992లో వచ్చింది. పొదుపు సంఘాలు ఊరూరా పెరిగాయి. ఆ చరిత్ర ఇదివరకే రాసుకున్నాం, మళ్లీ రాయం. డ్వాక్రా బజార్లు, సరస్ మేళాలు వచ్చాక మన చేతి వంటకు మన పేరే బోర్డు మీద పడింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద నిప్పు, పైన పిండినీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు. ఆ వేడి దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ రేకు తీసే చెల్లెళ్లలో ఎంతమంది నెయ్యి, బెల్లం దట్టించిన పూతరేకు తీరిగ్గా కూర్చుని తిన్నారో అడగాలని ఉంది.

ఇవన్నీ తరవాతి సమావేశంలో చదివి వినిపించాం. పూటకూళ్లమ్మ బాకీ దగ్గర అందరూ ఒకటే గోల, వడ్డీతో సహా ఇప్పటికి ఎంతయ్యుంటుందో లెక్కకట్టమని. లెక్కలు రాసే చెల్లి నిజంగానే క్యాలిక్యులేటర్ తీసింది. చివరికి తీర్మానం రాశాం. మేళాకు వెళ్లే ప్రతి బృందం ఒక పూట స్టాలు మూసి, వేరే సంఘం వాళ్ల దగ్గర కూర్చుని తినాలి. మనిషికి 150 రూపాయలు దాటకూడదు. రుచి ఎలా ఉంది, ధర ఎంత, ఎలా వడ్డించారు అని వచ్చాక రెండు ముక్కలు చెప్పాలి. పద్దు పేరు దగ్గర కాసేపు ఆగాం. 'శిక్షణ' అని రాస్తే ఎవరూ అడగరు అని ఒకరన్నారు. వద్దన్నాం. 'భోజనం' అనే రాశాం.

640 రూపాయల బిల్లు అలా పాసయ్యింది. మా అరవై దాటిన అక్క మాత్రం ఒప్పుకోలేదు. మొదటి రొట్టె సమాఖ్యది, రెండోది నా సరదా అని 40 రూపాయలు బల్ల మీద పెట్టి, రశీదు రాయించుకుని, మడిచి రవికలో పెట్టుకుంది.