డబ్ల్యూ ఆర్ కొట్టావా?

కర్నూలు, కడప ఎండల్లో ముందుగా చేతులెత్తేసేది యూపీఎస్ బ్యాటరీ. దాంతోపాటు మూలన ర్యాకులో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ ఆగిపోతుంది. కరెంటు వచ్చాక దానికి ఏం గుర్తుంటుందన్నది, సెట్టింగులు మార్చినవాడు చివర్లో డబ్ల్యూ, ఆర్ అని రెండక్షరాలు కొట్టాడా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

'రైట్ మెమరీ' అన్న పాత సిస్కో ఆదేశానికి అది పొట్టిరూపం. స్విచ్ పని నడిపించే 'రన్నింగ్ కాన్ఫిగ్' ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. ఎన్‌వీర్యామ్‌లోని 'స్టార్టప్ కాన్ఫిగ్' మాత్రం చెరగదు. మొదటిదాన్ని రెండోదానిలోకి ఎక్కించడమే ఆ రెండక్షరాల పని. తర్వాత కంపెనీ 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' అనే చాంతాడంత ఆదేశం తెచ్చింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగుల్లో సీసీఎన్‌ఏ నేర్చిన సీమ కుర్రాళ్లకు రెండూ తెలుసు. చేతికి వచ్చేది పాతదే.

నిజానికి ఇలా చేత్తో భద్రం చేయడం రౌటర్ల ఆచారం; స్విచ్‌ల కథ వేరు. తొలి ఈథర్నెట్ స్విచ్‌ను 1990లో తెచ్చింది కల్పన అనే అమెరికా కంపెనీ. స్థాపకుల్లో ఒకరు వినోద్ భరద్వాజ్. దానికి ఉన్నవి ఏడే పోర్టులు. సిస్కో 1993లో క్రెసెండో అనే మరో కంపెనీని, 1994లో కల్పనను కొనేసింది. క్రెసెండో వారసత్వంగా వచ్చిన క్యాటలిస్ట్ స్విచ్‌లలోని క్యాట్‌ఓఎస్, మార్పు చేసిన వెంటనే తనంతట తానే భద్రం చేసుకునేది. చూడటానికి అదే మేలనిపిస్తుంది. అయినా నిలిచింది రౌటర్ పద్ధతే.

మరుపుకీ ఓ ఉపయోగం ఉంది మరి. కర్నూలులో కూర్చుని ఆదోనిలోని స్విచ్‌ను సర్దేవాడు, మార్పులకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టి పెడతాడు. పొరపాటున తన దారి తానే మూసుకున్నా ఫర్వాలేదు. పది నిమిషాలకు స్విచ్ తిరిగి లేచి, పాత సెట్టింగులతో తలుపు తీస్తుంది. అంతా సవ్యంగా ఉంటే రీలోడ్ రద్దుచేసి, అప్పుడు డబ్ల్యూ ఆర్. జునిపర్ వాళ్లు ఇదే ఉపాయాన్ని 'కమిట్ కన్ఫర్మ్‌డ్' పేరుతో ఆదేశంగానే చేర్చారు.

మరుపు అవసరమైనచోట జ్ఞాపకం వదలని సందర్భాలూ ఉన్నాయి. స్టార్టప్ కాన్ఫిగ్ చెరిపేసి కొత్త స్విచ్ అనుకుంటే, పాత వీల్యాన్‌లు, అంటే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్కులు, మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అవి ఫ్లాష్‌లో 'వీల్యాన్ డాట్ డ్యాట్' అనే వేరే ఫైల్లో ఉంటాయి కాబట్టి. ల్యాబుల్లో ఒక్కసారైనా ఈ గోతిలో పడనివాళ్లు తక్కువ.

ఎన్‌వీర్యామ్, ఫ్లాష్ కరెంటు కోతను తట్టుకుంటాయి; పెట్టెకు పెట్టే మునిగితే ఏం చేస్తాయి? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చినట్టు వస్తే, భద్రం చేసిన కాన్ఫిగ్ కూడా నీళ్లపాలే. అందుకే నకలు వేరేచోట ఉంచాలి. ఫైళ్లు పంపేందుకు 1981 నాటికే ప్రమాణంగా రాసిపెట్టిన టీఎఫ్‌టీపీ చాలాకాలం ఆ పని చేసింది. దానికి పాస్‌వర్డ్ అడిగే అలవాటే లేదు. అందుకని ఇప్పుడు పాస్‌వర్డ్ అడిగే ఎస్‌సీపీ వైపు మళ్లుతున్నారు.